లుకేమియా స్టెమ్ సెల్ గారికి ఒక బహిరంగ లేఖ

అయ్యా స్టెమ్ సెల్ గారూ,

ముందు తమరి డైట్ కంట్రోల్‌కి ఒక దండం. 1994లో టొరంటోలో జాన్ డిక్ గారి టీమ్ అక్యూట్ మైలాయిడ్ లుకేమియా అనే వేగంగా ముదిరే రక్త క్యాన్సర్ కణాల్ని ఎలుకల్లోకి ఎక్కించి చూస్తే, దాదాపు 2,50,000 కణాల్లో ఒక్కదానికే జబ్బుని మళ్ళీ మొదలెట్టే సత్తా ఉందని తేలింది, ఆ ఒక్కరూ తమరే. మిగతా బ్లాస్టులు, అంటే ఎదగని క్యాన్సర్ కణాలు, పాపం కీమోకి దొరికిపోతాయి, తమరేమో ఎముక మజ్జలో ఓ మూల ముసుగు తన్ని పడుకుంటారు, కీమో ఎక్కువగా పట్టుకునేది గబగబా విడిపోయే కణాల్నే కదా.

మా ఫ్యామిలీ గ్రూపులో ఒక బాబాయ్ రోజూ పొద్దున్నే "పంచదార మానెయ్యండి, క్యాన్సర్ కణం ఆకలితో చస్తుంది" అని ఫార్వర్డ్ పెడతాడు. తమరికి పంచదార మీద అంత మోజు లేదని ఆయనకి ఎవరు చెప్తారు? గ్లూకోజ్ మింగేసి లాక్టేట్ కక్కే రకం కాదు తమరు, కణంలో శక్తి పుట్టించే పొయ్యి మైటోకాండ్రియాలో అమైనో యాసిడ్లు నిదానంగా కాల్చుకుంటూ పొదుపుగా బతికే టైపు.

సరే, డాక్టర్లు అక్కడే పట్టుకున్నారు. కణాన్ని చావకుండా కాపాడే బీసీఎల్-2 ప్రోటీన్‌ని ఆపే వెనెటోక్లాక్స్ మాత్ర, తోడుగా అజాసిటిడిన్ ఇంజెక్షన్, రెండూ కలిస్తే తమరికి అమైనో యాసిడ్లు అందక మైటోకాండ్రియా చల్లారిపోతుంది. గట్టి కీమో తట్టుకోలేని పెద్దవాళ్ళకి 2018లో అమెరికాలో పర్మిషన్ వచ్చింది, 2020లో బయటికొచ్చిన పెద్ద ట్రయల్‌లో మీడియన్ ఆయుష్షు (సగం మంది దాటిన కాలం) ఒక్క అజాసిటిడిన్‌తో వచ్చిన 9.6 నెలల నుంచి 14.7 నెలలకి పెరిగింది. ఐదు నెలలేగా అనేవాళ్ళు ఒక్క పూట ఆ వార్డు బయట కూర్చుని అప్పుడు మాట్లాడాలి.

మరి తమరేం చేశారు? మెనూ మార్చేశారు! అమైనో యాసిడ్లు లేకపోతే పీడాపోయె అని ఫ్యాటీ యాసిడ్లు కాల్చడం మొదలెట్టారు, జబ్బు తిరగబెట్టినవాళ్ళలో కనిపించింది ఇదే. ఎలుకల్లో అయితే మరీ అన్యాయం, ఏకంగా కొవ్వు కణజాలంలోనే కాపురం పెట్టి, ఆ కొవ్వునే కరిగించి సీడీ36 అనే ప్రోటీన్‌తో లోపలికి లాక్కుంటూ కీమోకి దొరక్కుండా కూర్చున్నారట. అదీ చాలక పక్కనున్న మజ్జ కణాల దగ్గర మైటోకాండ్రియానే చేబదులు తీసుకుంటారు. చేబదులంటే తిరిగిస్తారనుకునేరు, ఆ అలవాటు తమరికి లేదు.

పోనీ మైటోకాండ్రియానే మూసేద్దామని అందులో శక్తి తయారీకి మొదటి మెట్టైన కాంప్లెక్స్ 1ని ఆపే ఐఏసీఎస్-010759 అనే మందు తెచ్చారు. తమరికంటే ముందు పేషెంట్ల నరాలు దెబ్బతిన్నాయి, రక్తంలో లాక్టేట్ పెరిగింది, ట్రయల్ ఆపేశారు. మా గుండె, మా మెదడు కూడా ఆ పొయ్యి మీదే బతుకుతున్నాయి మరి, తమరికి ఆ ధీమానే.

ఇప్పుడు ల్యాబుల్లో కొవ్వు కాల్చడాన్ని ఆపే మందుల్ని వెనెటోక్లాక్స్‌తో కలిపి చూస్తున్నారు. మెనూలో తర్వాతి ఐటమ్ ఏంటో ముందే చెప్పేస్తే మాకు కాస్త టైమ్ కలిసొస్తుంది, నికోటినమైడ్ (విటమిన్ బి3లో ఒక రకం) కూడా తమరి మెనూలో ఉన్న సంగతి ఎలాగూ బయటపడిపోయింది లెండి.

ఇట్లు,
తమరి మెస్ బిల్లు కడుతున్నవాళ్ళ తరఫున