అద్దాల చీటీతో లెన్సులు కొనకండి

కళ్లద్దాల పవరే కాంటాక్ట్ లెన్సుకూ సరిపోతుందని ఒక వ్యాసంలో రాశారు. పవరు 4 దాటితే సరిపోదండీ. అద్దం కంటికి 12 మిల్లీమీటర్ల దూరంలో ఉంటుంది, లెన్సు కార్నియా (కంటి ముందుండే పారదర్శక పొర) మీదే కూర్చుంటుంది. మైనస్ 6 అద్దానికి లెన్సు సుమారు మైనస్ 5.6 చాలు. కార్నియా వంపు కూడా కెరటోమీటర్‌తో కొలవాలి. వాడుతున్న లెన్సు తీసిన వెంటనే కొలిస్తే రీడింగు తప్పొస్తుంది, లెన్సు ఒత్తిడికి కార్నియా రూపు మారి ఉంటుంది కాబట్టి. అద్దాలు పోవడానికి చేసే లేజర్ ఆపరేషన్‌కైతే మెత్తటి లెన్సులు వారం రెండు వారాలు, గట్టివి మూడు నాలుగు వారాలు మానేసి, వేర్వేరు రోజుల్లో తీసిన రెండు కొలతలూ ఒకటే వచ్చేదాకా ఆగాలి.

నెల్లూరు జిల్లా కోవూరు, ఇందుకూరుపేట వైపు రొయ్యల గుంటల దగ్గర పనిచేసే కుర్రాళ్లు మాత్రం ఏరేటర్ (నీళ్లలో గాలి కలిపే యంత్రం) తుంపర పడేచోట లెన్సులు పెట్టుకోవద్దు, కుళాయి నీళ్లతోనూ కడగొద్దు. ఆ నీళ్లలో ఉండే అకాంతమీబా అనే సూక్ష్మజీవి కార్నియాలో చేరితే వైద్యం నెలల తరబడి సాగుతుంది, చూపే పోవచ్చు.