టార్చిలైటు తోక బొత్తం గారికి

మహారాజశ్రీ తోక బొత్తం గారి సముఖానికి,

ఉభయకుశలోపరి. నిన్న రాత్రి రెండున్నరకు త్రీఫేజు కరెంటు వచ్చింది. మోటారు వేయడానికి చేనికి బయలుదేరాను. గుమ్మంలో టార్చి వెనక కొసన ఉన్న తమరిని నొక్కితే దేదీప్యమానంగా వెలిగారు. కాలువ దాటి గట్టు మధ్యకు చేరేసరికి కాళ్ల ముందు ఏదో సరసరమంది. సరిగ్గా అప్పుడు తమరు ఆరిపోయారు. నొక్కాను. టక్ అన్నారు. వెలగలేదు. మళ్లీ నొక్కాను. మళ్లీ టక్.

ఆ టక్ గురించే ఈ ఉత్తరం. నోరు మూసుకొని ఉంటే సెల్లు అయిపోయిందనుకొని వెనుదిరిగేవాడిని. తమరు నొక్కిన ప్రతిసారీ ‘చిత్తం’ అన్నట్టు టక్ మన్నారు. పదకొండు నొక్కులు, పదకొండు చిత్తాలు. సరసరమన్నది ఏమిటో ఇప్పటికీ తెలియదు.

మా తాత రేకు టార్చికి జరిపే స్విచ్ ఉండేది. బొటనవేలితో తోస్తే లోపలి ఇత్తడి రేకు వెళ్లి ఆనుకునేది. చిలుము పట్టిన రోజు మొరాయించేది, కాదనను. అరచేతిలో రెండు దెబ్బలు వేస్తే దారికి వచ్చేది. గరుకు కాగితంతో గీకితే మరికొన్నాళ్లు పేచీ ఉండేది కాదు. ముందుకు ఉందో వెనక్కు ఉందో చీకట్లో వేలికే తెలిసేది.

మా బావమరిది టార్చికి పక్కన మెత్తటి ఎలక్ట్రానిక్ బొత్తం. సంచిలో ఒత్తిడి తగిలితే చాలు, వెలిగి బట్టలను వేడెక్కించి పెడుతుంది. తల తిప్పితే వెలిగేవాటిలో చెడిపోవడానికి పెద్దగా ఏమీ లేదు గాని రెండు చేతులూ కావాలి. నా రెండో చేతిలో పార.

ఇక సగం నొక్కితే మిణుకుమిణుకుమనే తమరి విద్య! పాముకు ఎదురుగా పెళ్లిపందిరి దీపాలు ఎందుకండీ?

పొద్దున తోక విప్పి చూశాను. లోపలి మర రింగు ఒక చుట్టు వదులైంది. సెల్లు అడుగు నుంచి స్ప్రింగుకు, స్ప్రింగు నుంచి నీకు, నీ నుంచి ఆ రింగు మీదుగా లైటు ఒంటికి కరెంటు చేరాలి. రింగు కదిలింది, దారి తెగింది. అయినా టక్ మంటావా? ఆ చప్పుడు నీ లోపలి మీట పళ్లదట, కరెంటుతో దానికి సంబంధమే లేదట! సిగ్గు లేదూ నీకు? గట్టు మీద నిలబెట్టి అబద్ధమా?

కత్తెర మొనలతో బిగించాను. వెలిగావు. ఈ రాత్రి కూడా రెండున్నరకే కరెంటు. నిన్నే తీసుకువెళతాను, తాత టార్చి చంకలో పెట్టుకొని.

ఇట్లు,
పార పట్టుకొని చీకట్లో నిలబడినవాడు