పిల్లలకు కులం తెలియదట!

"పిల్లల పుస్తకాల్లోకి కులాన్ని, మతాన్ని, యాసను తేవద్దు" అంటూ ఒక మెసేజ్ వారం రోజులుగా టీచర్ల గ్రూపుల్లో, లైబ్రేరియన్ల గ్రూపుల్లో తిరుగుతోంది. నెల్లూరు నుంచీ, కందుకూరు నుంచీ, ఒంగోలు నుంచీ తెలిసినవాళ్లే నాకు పంపుతున్నారు, దండం బొమ్మ పెట్టి మరీ. ఇక ఊరుకోలేను.

అన్ని రకాల పిల్లలూ పుస్తకాల్లో కనపడాలనడం "అమెరికా నుంచి వచ్చిన గొడవ" అని ఆ మెసేజ్‌లో ఉంది. అక్కడ నాన్సీ లారిక్ అనే విద్యావేత్త 1965లో ఒక లెక్క బయటపెట్టారు. మూడేళ్లలో వచ్చిన 5,206 పిల్లల పుస్తకాల్లో నల్లజాతి మనిషి ఒక్కరైనా కనిపించినవి 349. అది వాళ్ల లెక్క. మన లైబ్రరీ బీరువాలో యానాది తెగ పిల్ల ఉన్న పుస్తకాలు ఎన్నో మనమే లెక్కపెట్టుకోవచ్చు.

"పంచతంత్రం, తెనాలి రామకృష్ణుడు చాలు." వాటిని తీసెయ్యమని ఎవరన్నారు? పక్కన ఇంకో పుస్తకం పెట్టమన్నారు.

"యాసలో చదివితే భాష పాడవుతుంది." కావలి మాటల్లో ఖదీర్‌బాబు రాసిన దర్గామిట్ట కథలను తెలుగువాళ్లంతా చదివారు. ఎవరి తెలుగూ పాడవలేదు. "యాడికి పోతుండావ్" అని ఇంట్లో వినే పిల్లకు ఆ మాట పేజీలో కనిపిస్తే ఇంకో పేజీ తిప్పుతుంది.

అసలు కోపం తెప్పించింది ఇది: "పిల్లలకు కులం తెలియదు, కథల్లో పెట్టి మనమే ఎక్కిస్తున్నాం." ఏ పిల్లలకు తెలియదు? స్కాలర్‌షిప్ ఫారాలు నింపే రోజు "ఎస్టీ పిల్లలు లేవండి" అని క్లాసులో అందరి ముందూ పిలుస్తారు. లేచిన పిల్లకు తెలుసు, కూర్చున్నవాళ్లకూ తెలుసు. తల దువ్వుకోని పిల్లాణ్ణి "యానాదోడిలా తయారయ్యావు" అని తిడతారు. అదే బెంచీలో యానాది పిల్లాడు ఉంటాడు, వింటాడు. తిట్టులో ఉండొచ్చు గానీ ఆ పేరు కథలో ఉండకూడదా? వాళ్ల నాయన ఉత్త చేతుల్తో చేపలు పట్టే నేర్పు, అవ్వకు తెలిసిన ఆకు మందులు, రొయ్యల గుంటల దగ్గర కాపలా, ఇటుక బట్టీలకు అమ్మానాయనల వెంట పోయి బడికి దూరమైన అమ్మాయి, ఇదంతా మన జిల్లా కాదా? నెల్లూరు జిల్లావాడైన వెన్నెలకంటి రాఘవయ్య 1962లోనే యానాదుల మీద ఒక పుస్తకం రాశారు. పెద్దలు చదవొచ్చు గానీ పిల్లలకు వద్దా? నల్లమలలో చెంచు పిల్లలున్నారు, తీరంలో చేపలు పట్టే పట్టపు కులం పిల్లలున్నారు, ఇంట్లో ఉర్దూ మాట్లాడేవాళ్లు, చెవులు వినపడనివాళ్లు ఉన్నారు. పుస్తకం పిల్లలకు అద్దమూ కావాలి, కిటికీ కూడా కావాలి అని అమెరికా ప్రొఫెసర్ రుడీన్ సిమ్స్ బిషప్ 1990లో చెప్పారు. ఈ మెసేజ్ రాసినాయన ఇంటి పిల్లలకు అద్దాలకు కొదవ లేదు. కిటికీయే లేదు. పక్క వీధి పిల్లలు ఎట్లా బతుకుతారో తెలియకుండానే వాళ్లు పెద్దవాళ్లయి, రేపు టీచర్లూ అవుతారు.

ఒక్క మాట మాత్రం ఒప్పుకుంటాను. "ఇలాంటి పుస్తకాలు పాఠం చెప్పినట్టుంటాయి, పిల్లలు ముట్టుకోరు" అన్నది చాలావరకు నిజం. పేదపిల్ల ఏడుస్తుంది, దయగల టీచరమ్మ వచ్చి కాపాడుతుంది, చివర్లో నీతి. అలాంటివి నేనూ కొనమని చెప్పను. కథలో యానాది పిల్లాడు అల్లరి చెయ్యాలి, అబద్ధం ఆడి దొరికిపోవాలి, దొంగను పట్టుకోవాలి. వాణ్ణి చూసి మిగతా పిల్లలు జాలిపడటం కాదు, వాడితో ఆడుకోవాలనుకోవాలి.

ఇక "డబ్బులేవి?" ప్రతి బడిలోనూ కథల పుస్తకాలున్న లైబ్రరీ ఉండాలని 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలులోనే ఉంది. ఇంటి పన్నుతో పాటు గ్రంథాలయ సెస్సు కడుతూనే ఉన్నాం. ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్ వెబ్‌సైటులో 2015 నుంచీ కథలు ఉచితంగా దొరుకుతున్నాయి. తెలుగులోకి మార్చుకుని ప్రింటు కూడా తీసుకోవచ్చు. ఈసారి పుస్తకాల ఇండెంటు రాసేటప్పుడు ఆ జాబితా నాకు పంపండి. కూర్చుని చూద్దాం, ఎవరెవరి పిల్లలు అందులో ఉన్నారో.