టర్కీకి కూడా ఒక బల్ల వేయండి

పోయిన ఏడాది (2024) నవంబర్ 23న అమెరికాలోని మన తెలుగు సంఘం కార్తీక వనభోజనాలూ ఇక్కడి థాంక్స్‌గివింగ్ పండుగ పాట్‌లక్కూ (తలా ఒక వంట తెచ్చే విందు) కలిపి పార్కు పెవిలియన్‌లో పెట్టింది. ఫ్లయర్‌లో రెండు పేర్లూ వేశారు. ఎవరికి వచ్చిన వంట వాళ్ళు తేవచ్చని కూడా రాశారు. మా అబ్బాయి నూనెలో వేయించిన 12 పౌండ్ల టర్కీ కోడిని తెచ్చాడు. దాన్ని తీసుకెళ్ళి చెత్త డబ్బాల పక్కన పెట్టించారు. కాసేపటికి మైకులో, "మాంసం తెచ్చినవాళ్ళు మన సంస్కృతిని కాస్త గుర్తుపెట్టుకోవాలి" అన్నారు. పేరు చెప్పలేదు. కానీ ఆ రోజు మాంసం తెచ్చింది వాడొక్కడే.

వాడికి 19 ఏళ్ళు. ఎదురు మాట అనలేదు. ట్రే మీద ఫాయిల్ మళ్ళీ కప్పి కారులో పెట్టేశాడు. ఉగాదికి రమ్మంటే రాలేదు.

ఆ టర్కీ వెనక ఎంత పని ఉందో అక్కడున్న చాలామందికి తెలియదు. లూసియానా వైపు ఇలా నూనెలో వేయించడం మామూలే. మా పక్కింటాయనది ఆ రాష్ట్రం. వాడు ఆయన పక్కన రెండేళ్ళు నిలబడి నేర్చుకున్నాడు. మంగళవారం రాత్రే టర్కీని ఫ్రీజర్‌లోంచి తీసి ఫ్రిజ్‌లో పెట్టాడు. ముందు దాన్ని ఖాళీ గంగాళంలో దించి, మునిగేదాకా నీళ్ళు పోసి, పైకి తీశాక నీళ్ళు ఎక్కడున్నాయో అక్కడ గీత పెట్టుకున్నాడు. నూనె ఆ గీత దాటకూడదు. తర్వాత గంగాళాన్ని చుక్క తడి లేకుండా తుడిచి ఆరబెట్టాడు.

ఇంత జాగ్రత్త ఎందుకంటే, లోపల మంచు ఉన్న టర్కీ కాగే నూనెలో పడితే ఆ మంచు ఒక్కసారిగా ఆవిరైపోయి నూనెను పైకి తన్నేస్తుంది. పొంగిన నూనె కింద బర్నర్ మీద పడిందా, భగ్గుమంటుంది. ఈ దేశంలో వంట వల్ల ఇళ్ళు అంటుకోవడం ఏడాది మొత్తంలో ఎక్కువగా జరిగేది థాంక్స్‌గివింగ్ రోజునే. అగ్నిప్రమాదాల మీద పనిచేసే ఎన్.ఎఫ్.పి.ఏ. అయితే నూనెలో వేయించే ఈ ఫ్రయర్లు అసలు వద్దనే చెబుతుంది. నాకూ టెన్షనే. అందుకే పెరట్లో, ఇంటికీ చెట్లకీ దూరంగా, ఖాళీ కాంక్రీటు మీద తప్ప ఒప్పుకోలేదు. డెక్ మీద, గరాజ్‌లో వేయించే వాళ్ళకి ఇక్కడే చేతులెత్తి దణ్ణం పెడుతున్నాను, ఆ పని చేయకండి.

ఆ ఉదయం మా అత్తయ్య కూడా పెరట్లోకి వచ్చారు. తెనాలి నుంచి వచ్చి ఆరు నెలలు మా దగ్గర ఉన్నారు. కార్తీకంలో ఉల్లి, వెల్లుల్లి కూడా ముట్టరు. శాలువా కప్పుకుని, దూరంగా తులసి కుండీ దగ్గర నిలబడి చూస్తున్నారు. వాడు పేపర్ టవల్స్‌తో టర్కీని లోపలా బయటా అద్దుతున్నాడు.

"ఒరే నాన్నా, ఆ రెక్క కింద చూశావా?"

"తుడిచాను నాన్నమ్మా."

"మళ్ళీ చూడు. నీళ్ళు తగిలితే నూనె ఊరుకోదు."

చూస్తే, రెక్క మడతలో వేలి గోరంత మంచు పలుకు ఉంది. వాడు నోరెళ్ళబెట్టాడు. పెళ్ళిళ్ళలో బాణళ్ళ ముందు కూర్చుని బూరెలు వండిన మనిషి ఆవిడ. టర్కీ అంటే ఏమిటో తెలియకపోయినా నూనె సంగతి తెలుసు.

పల్లీనూనె 350 ఫారెన్‌హీట్ డిగ్రీలకి వచ్చాక బర్నర్ ఆపేసి, కొక్కేనికి తగిలించి టర్కీని అంగుళం అంగుళం దించాడు. పూర్తిగా దిగాకే మళ్ళీ వెలిగించాడు. పౌండుకి మూడున్నర నిమిషాల చొప్పున నలభై నిమిషాలపైన అక్కడినుంచి కదల్లేదు. చివర్లో తొడలోనూ రొమ్ములోనూ థర్మామీటర్ గుచ్చి 165 దాటిందని చూసుకున్నాక, "నాన్నమ్మా, అయింది" అని ముందు ఆవిడకే చెప్పాడు.

కార్తీక నిష్ఠ పట్టినవాళ్ళ ఇబ్బంది నాకు తెలుసు. మా ఇంట్లోనే ఉన్నారు. పులిహోర గరిటె టర్కీ ట్రేలో పడితే వాళ్ళకి ఆ పూట భోజనం లేనట్టే. వేరే బల్ల కావాలంటే న్యాయమే. ఉసిరి మొక్క పెట్టి పూజ చేసిన చోట మాంసం వాసన రాకూడదంటే అదీ న్యాయమే. కానీ వేరే బల్ల అడగడం ఒకటి, చెత్త డబ్బా చూపించడం ఇంకొకటి. మొన్న సంక్రాంతికి మటన్ కూర చాల్లేదని కేటరర్ మీద అరిచింది మనమే. ఆ రోజు ఎవరూ సంస్కృతి గురించి మైకు పట్టుకోలేదు. పిల్లలు మన దగ్గరికి రావట్లేదని ప్రతి మీటింగులో బాధపడతాం. వచ్చిన పిల్లాడు తన చేత్తో వండింది పట్టుకొస్తే, ఎలా వండావని కూడా అడగలేదు మనం.

ఆ రోజు విస్తరి ముందు కూర్చుని అత్తయ్య నన్నడిగారు, "వాడిది ఎవరూ కొయ్యలేదా?" అని. మాంసం వైపు కన్నెత్తి చూడని మనిషి అడిగారు ఆ మాట.

ఈ ఏడాది (2025) నవంబర్ 20 నాటికే కార్తీకం వెళ్ళిపోతుంది. థాంక్స్‌గివింగ్ 27న. ఇంక రెండూ కలపాల్సిన పని లేదు. వనభోజనాలు కార్తీకంలో శుభ్రంగా, నిష్ఠగా చేసుకుందాం. పాట్‌లక్ 29వ తేదీ శనివారం పెట్టండి. మాంసానికి వేరే బల్ల, దాని మీద గుడ్డ, కోసేందుకు మంచి కత్తి, పల్లీలు పడని పిల్లలుంటారు కాబట్టి "పల్లీనూనెలో వేయించినది" అని ఒక అట్ట ముక్క. ఇంతే అడుగుతున్నాను.

మా వాడిని నేను పిలిస్తే రాడు. మైకులో ఆ మాట అన్నవారే ఒక్కసారి ఫోన్ చేసి పిలవాలి. నంబరు నేనిస్తాను.