సన్యాసి రాజుగారి మఠసేవ

ఐర్లండ్ దక్షిణాన మన్‌స్టర్ రాజ్యాన్ని క్యాషెల్ రాజపీఠం నుంచి 820 మొదలు 847 దాకా ఏలిన ఫెలిమిడ్ మాక్ క్రింథన్‌ను, మఠాలు తగలబెట్టాడన్న ఒక్క నెపంతో చరిత్రకారులు ఇప్పటికీ నిందిస్తుండడం చూస్తే, మహాభక్తుల మనసు లోకానికి ఎన్నటికీ అంతుబట్టదనిపిస్తుంది. ఆయన రాజే కాదు, మతగురువు కూడా. కఠిన నియమాలకు పేరుపడ్డ కేలి డే సన్యాసులకు ఆప్తుడు. 823లో పునీత పాట్రిక్ పేరిట ఉన్న ధర్మశాసనాన్ని మన్‌స్టర్‌లో చాటించి, అదే ఏడాది గాలెన్ మఠాన్ని కాల్చాడు. ఒక పుణ్యకార్యం అయిందని చేతులు కట్టుకు కూర్చునే స్వభావం కాదు.

ఆయన సమదృష్టి 833లో బయటపడింది. క్లోన్‌మాక్‌నాయిస్ మఠవాసులను చంపి, మఠం భూములను గుడి వాకిలి దాకా తగలబెట్టి, డరో మఠానికీ అదే మర్యాద జరిపించాడు. ఈ రెండు మఠాలూ 764లో తమలో తాము యుద్ధం చేసుకోగా, డరో వైపు 200 మంది కూలారు. అలాంటి పాత పగవాళ్లిద్దరికీ పక్షపాతం లేకుండా నిప్పు పంచిన ప్రభువును తప్పుపట్టడానికి నోరెలా వస్తుందో! పైగా వాకిలి దగ్గరే ఆగిన ఆయన వినయాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

836లో కిల్డేర్ మఠాన్ని పట్టుకుని, ఆర్మా మఠాధిపతి ఫోరిన్‌డాన్‌ను పరివారంతో సహా బంధించాడు. కాల్చడం కన్నా ఏలడం లాభమనిపించిన చోట, అంటే ఆ ఏడే కార్క్‌లోనూ, 838లో క్లోన్‌ఫర్ట్‌లోనూ, తానే మఠాధిపతి అయ్యాడు. ఈ నడుమ 837లో ఉత్తర సముద్రాల దోపిడీదారులైన వైకింగులు బోయిన్, లిఫీ నదుల మీదికి 60 ఓడల చొప్పున వచ్చిపడ్డారు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు కనుక, రాజుగారు ఇంటి పని పూర్తి కానిదే వాళ్ల జోలికి పోదలచుకోలేదు కాబోలు.

840లో మీత్ రాజ్యాన్ని కొల్లగొట్టి, ఐర్లండ్ మహారాజుల పీఠంగా పేరున్న టారాలో విడిది చేసినా, మరుసటి ఏడు ఉత్తరాది రాజు నియల్ చేతిలో ఓడి, తన మఠాధిపతి దండాన్ని ముళ్లపొదల్లో వదిలేసి వచ్చాడని ఒక పద్యం ఎగతాళి చేస్తుంది. యుద్ధానికి దండమెందుకని అడిగేవారికి రాజధర్మమూ తెలియదు, సన్యాసధర్మమూ తెలియదు.

846లో క్లోన్‌మాక్‌నాయిస్‌ను మళ్లీ దోచాడు. ఆ మఠాన్ని స్థాపించి, మూడు శతాబ్దాల కిందటే కన్నుమూసిన కియరాన్ వచ్చి రాజుగారిని దండంతో పొడిచాడనీ, ఆ కడుపునొప్పే ప్రాణం తీసిందనీ కథ. ఐర్లండ్ పాత చరిత్ర గ్రంథమైన అల్‌స్టర్ వార్షిక వృత్తాంతాలు మాత్రం రాజుగారిని ఐరిష్‌వారిలో అత్యుత్తముడనీ, లేఖకుడనీ, ఏకాంత తపస్వి అనీ కీర్తించాయి. చివరి మాటలో అతిశయోక్తి లేదు. ఆయన అడుగుపెట్టిన మఠంలో ఏకాంతం దానంతటదే ఏర్పడేది.