నార్మల్ వర్షపాతం గారూ, మా బోరుకి మీరెవరో తెలీదంట

అయ్యా నార్మల్ వర్షపాతం గారూ,

విశాఖ మధురవాడలో మూడో అంతస్తు నించి, రెండు ఖాళీ డ్రమ్ముల పక్కన కూచుని రాస్తున్నా. ఈ సీజన్‌కి తమరు వేంచేశారని టీవీలో చెప్పారు, సంతోషం, కానీ మా బోరుకి ఆ కబురు అందినట్టు లేదండీ, మోటార్ వేస్తే కాసేపు దగ్గుద్ది, తర్వాత అర బకెట్టు ఎర్రనీళ్లు కక్కి ఊరుకుంటది.

వాతావరణ శాఖ వాళ్లు కట్టే తమరి లెక్క తెలుసులెండి. సగటుకి 19 శాతం తగ్గినా నార్మలే, 20 తగ్గితేనే లోటు. జూన్ నించి సెప్టెంబర్ దాకా పడిందంతా కూడి ఒక్క నంబర్ చెప్పేస్తారు, మధ్యలో నెల రోజులు చుక్క పడకపోయినా ఒక్క రాత్రి అల్పపీడనం వచ్చి కుమ్మరించేస్తే లెక్క సరిపోద్ది. పెళ్లిలో ఒక పూట మెక్కాడు కాబట్టి నెలంతా వాడి కడుపు నిండే ఉందన్నట్టు!

ఆ కుమ్మరించింది కూడా ఇక్కడ నిలవదు కదా, కొండల మీంచి గెడ్డల్లో పడి గంటల్లో సముద్రంలోకి పోద్ది. కింద ఖొండలైట్ రాయి, పగుళ్లలో పట్టినంతే దాచుద్ది. బీచ్ వైపు బోర్లు మరీ తోడితే ఉప్పునీరు ఎగబడుద్దని పరిశోధన చేసినోళ్లు ఎప్పట్నించో మొత్తుకుంటున్నారు. అసలు ఊరు ఎక్కువగా తాగేది ఏలేరు కాలవ, రైవాడ, తాటిపూడి రిజర్వాయర్ల నీళ్లు, అంటే ఎక్కడో పడ్డ వాన. తమరేమో ఇక్కడి రెయిన్ గేజ్‌లో కూచుని మాకు ధైర్యం చెప్తారు.

అన్యాయంగా మాట్లాడకూడదు, కేంద్రం వాళ్ల 2016 కరువు మాన్యువల్‌లో మీ ఒక్కరి మాటే కాదు, వానల మధ్య ఎడం, నేల తేమ, శాటిలైట్‌లో పైరు పచ్చదనం, భూగర్భజలం కూడా చూడమన్నారు. మంచి పనే. కానీ ఆ శాటిలైట్‌కి పైరు కనబడుద్ది గానీ మా డ్రమ్ము ఏటి కనబడుద్ది?

మొన్న అపార్ట్‌మెంట్ మీటింగ్‌లో ఇంకుడు గుంత బాగుచేద్దాం అన్నా. సెక్రటరీ గారు ఫోన్ తీసి తమరి పేరు చూపించారు, "ఈసారి నార్మలే కదండీ, వచ్చే ఏడు చూద్దాం" అని. ఆ గుంత మీద ఇప్పుడు టైల్స్, టైల్స్ మీద ఆయన స్కూటరు.

ఉంటానండీ, కింద ట్యాంకర్ హారన్ కొడుతున్నాడు, లేటైతే పైపు బి బ్లాక్ వాళ్లు లాగేసుకుంటారు.

ఇట్లు,
మైనస్ 19 శాతం