మాడ్రిడ్ భాషా పెద్దలకు బస్సు గురించి ఒక మొర

స్పానిష్ భాష బాగోగులు చూసే సంస్థ రియల్ అకాడెమియా ఎస్పాన్యోలా వారికి నమస్కారాలు.

1713లో పుట్టి, మూడొందల ఏళ్లుగా స్పానిష్‌ని "శుభ్రం చేస్తాం, స్థిరపరుస్తాం, మెరుగుపెడతాం" అంటున్నారు కదండీ, శుభ్రం, మెరుగు సంగతి వదిలేద్దాం, నా గొడవంతా ఆ మధ్యలోదాని గురించే. మీకు 46 కుర్చీలు, ఒక్కోదానికి ఒక్కో అక్షరం పేరు, అందులోనూ పెద్ద అక్షరానికో కుర్చీ, చిన్న అక్షరానికో కుర్చీ, లెక్కేస్తే సరిగ్గా ఒక బస్సుకి సరిపోయే సీట్లు. మరి ఆ బస్సుని ఏమనాలో తేల్చరేం?

పుస్తకాల్లో ఔతోబూస్ అని నేర్పుతారు. అంటే ఎక్కడైనా అర్థమవుద్ది, కాకపోతే ఎర్రబస్సెక్కి వచ్చామని కూడా అర్థమైపోద్ది. మెక్సికోలో సిటీ బస్సుని కమియోన్ అంటారు, మీ ఊళ్లో కమియోన్ అంటే లారీ. అర్జెంటీనా రాజధాని బ్యూనస్ ఐరెస్‌లో కొలెక్తీవో, 1928లో గిరాకీ లేని టాక్సీవాళ్లు షేర్ ఆటోల్లాగా జనాన్ని ఎక్కించుకోవడం మొదలెడితే ఆ పేరు పెద్ద బస్సులక్కూడా అంటుకుపోయింది, పక్కనే ఉన్న చిలీలో మాత్రం కొలెక్తీవో ఇప్పటికీ షేర్ టాక్సీయే, బస్సు కావాలంటే మీక్రో అనాలి, మళ్లీ ఆ మీక్రో అర్జెంటీనాలో దూరం ఊళ్లకెళ్లే బస్సు. చదువుతుంటేనే తిరుగుతోంది కదా తల.

అసలు మజా గ్వాగ్వాది. క్యూబాలో, కానరీ దీవుల్లో గ్వాగ్వా అంటే బస్సు. చిలీలో చంటిబిడ్డ, అది అక్కడి ఆండీస్ కొండల్లో మాట్లాడే కెచువా భాష నుంచి వచ్చిన మాట. "గ్వాగ్వా వచ్చేస్తోంది" అని హవానాలో అరిస్తే చెయ్యెత్తి ఆపాలి, చిలీలో అరిస్తే ఆస్పత్రికి పరిగెత్తాలి.

పోనీ పేరు కుదిరిందే అనుకోండి, ఎక్కడం ఎలా? మీ స్పెయిన్‌లో బస్సు పట్టుకోవడానికి కొహేర్ అని హాయిగా అనేస్తారు. అదే మాట మెక్సికోలోనో అర్జెంటీనాలోనో అంటే, పాపం ఆ బస్సుతో నువ్వు చేయబోయే పని పెద్దవాళ్ల ముందు చెప్పుకునేది కాదు. ఈ అర్థం మీ డిక్షనరీలో కూడా ఉంది, ఎక్కడో బాగా కిందన, ఏయే దేశాల్లో అంటారో పొట్టి అక్షరాల్లో రాసి. స్థిరపరచడం అంటే ఇదేనా సార్? ఏ దేశంలో ఏమంటే అది రాసుకుంటూ పోవడమే పనైతే, నాకేం అభ్యంతరం లేదు, మంచి పనే, ఆ మధ్య మాట మాత్రం బోర్డు మీంచి తీసేయండి.

ఇట్లు,
స్టాపులో నిలబడ్డవాడు

తా.క.: చిలీలో జ్యూస్ స్ట్రా కావాలంటే బొంబీయా అడగాలట. మీ ఊళ్లో అడిగితే లైటు బల్బు ఇస్తారు. దాని మీద ఇంకో ఉత్తరం రాస్తా.